చింతపండుతో తోమిన నంబరు

నేను ఒక పందెం కారు ఇంజన్‌ని. ఆరు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు, ఊరంతా తిరిగి చూసే గొంతు. కంపెనీ పేరు మాత్రం చెప్పను. చెబితే మీలో ఎవరో ఒకరు వెంటనే ఫోను తీసి నా రేటు చూస్తారు, ఇక నా మాట వినరు.

నన్ను పోతపోసింది సముద్రాల అవతల. నా పక్కకు చిన్న ఇత్తడి రేకు బిగించి, దాని మీద ఒక నంబరు కొట్టారు. అదేదో పచ్చబొట్టు అనుకున్నాను. నా బతుకంతా దాని చుట్టూ తిరుగుతుందని అప్పట్లో తెలియదు.

గుంటూరు పొగాకు వ్యాపారి రంగనాయకులుగారు నన్నూ నా ఎర్ర కారునూ మద్రాసులో కొన్నారు. అప్పుడాయనకు ఇరవై ఆరేళ్లు. ఆ ఊరి దగ్గరే షోలవరం కారు పందేల్లో మాకు మూడో బహుమతి వచ్చింది. ఆ కప్పులో ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు పోపు గరిటెలు నిలబెట్టుకునేవారు. ఆవిడ కోపం న్యాయమే. నేను లీటరుకు ఐదు కిలోమీటర్లు వెళ్లేదాన్ని. టైరు కావాలన్నా, పిసరంత వాషరు కావాలన్నా బొంబాయికి మనిషి వెళ్లాలి. "అది కారు కాదమ్మా, మా ఆయన చిన్నిల్లు" అని చుట్టుపక్కలవాళ్లకు చెప్పేవారు. ఆ మాటకు వాళ్లు నవ్వేవారు గానీ ఆవిడ నవ్వేవారు కాదు. ఒక్కసారి కూడా కారెక్కలేదు.

పెట్రోలు ధర ఏటేటా ఎగబాకింది. ఆ రోజుల్లో కార్లున్నవాళ్లందరికీ ఒక జబ్బు పట్టుకుంది, పెట్రోలు ఇంజన్ పీకేసి డీజిలుది పెట్టించుకోవడం. రంగనాయకులుగారికీ పట్టుకుంది. ఆటోనగర్లో సుభానీ అనే పాతికేళ్ల మెకానిక్ నన్ను గొలుసు కట్టి పైకి లేపాడు. నా చోట్లోకి ఏదో వ్యాను ఇంజన్ దిగింది. స్టార్టు చేయగానే పాపం నా కారు జ్వరమొచ్చినట్టు వణికింది. రంగనాయకులుగారు అటు చూడకుండా మైలేజీ ఎంతొస్తుందని అడిగారు. రిజిస్ట్రేషన్ పుస్తకంలో నా నంబరు మార్పించాలన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

సుభానీకి కూలి కింద నన్నే ఇచ్చేశారు. అతను నన్ను ప్రత్తిపాడులో నాంచారమ్మ కారం మిల్లుకు బిగించాడు. కరెంటు పోయినప్పుడల్లా పెట్రోలుతో నన్ను లేపి, కిరసనాయిలు మీద నడిపించేవారు. షోలవరంలో గాలిని చీల్చిన నేను ఎండుమిరపకాయలు దంచాను. మొదట్లో దుఃఖం ఆగేది కాదు. నేను ఏడిస్తే నూనె కారుతుంది, సుభానీ వచ్చి వాషరు మార్చి వెళ్లేవాడు.

నాంచారమ్మ మంచి మనిషి. ఏటా దసరాకు నన్ను శుభ్రంగా తుడిచి, పసుపు రాసి, బొట్లు పెట్టి, నిమ్మకాయ కోసేది. నా ఇత్తడి రేకునైతే దేవుడి దీపపు కుందుల్లాగే చింతపండుతో, ఇటుక పొడితో తళతళలాడేదాకా తోమేది. అంత శ్రద్ధగా నన్ను చూసుకున్నవాళ్లు ఇంకెవరూ లేరు. అయినా నా కారు మీద బెంగ మాత్రం పోలేదు.

ముప్పై ఐదేళ్లు గడిచాయి. ఒక ఉదయం మిల్లు ముందు టకటకమంటూ నా ఎర్ర కారు ఆగింది! అందులోంచి తల నెరిసిన రంగనాయకులుగారు, సుభానీ, పాత కార్లు పోగేసే హైదరాబాద్ ఆసామీ దిగారు. వాళ్ల మాటల్లో సంగతి బయటపడింది. డీజిలు ఇంజన్‌తో అయితే కారు ఆరు లక్షలు. పుస్తకంలో ఉన్న నంబరు ఇంజన్ దొరికితే అరవై. కొన్నాక నడుపుతారా అని సుభానీ అడిగాడు. అదేం మాట, కిలోమీటర్లు పెరిగితే రేటు పడిపోదా, నూనె వంపేసి అద్దాల గదిలో పెడతానన్నాడు ఆసామీ. నేను తాగి పరిగెత్తినప్పుడు దండగ, తాగకుండా పడుంటే అరవై లక్షలు! ఈ మనుషుల లెక్క నాకు ఇప్పటికీ అంతుబట్టదు. కారుతో కలవాలని ఎంతగానో కోరుకున్నాను. కానీ ఇద్దరం కలిసి శవాల్లా పడుండటానికా?

ఆసామీ భూతద్దం తీసి నా రేకు మీదికి వంగాడు. రేకు అద్దంలా మెరుస్తోంది. అందులో అతని మొహమే కనబడింది. ఒక్క అంకె కూడా లేదు.

"ఇక్కడి నంబరేమైంది?"

"తోమానయ్యా," అంది నాంచారమ్మ. "తోమకుండా పూజ ఎట్టా చేస్తారు?"

ఆసామీ సుభానీని పక్కకు పిలిచి, పుస్తకంలో ఉన్న నంబరే మళ్లీ కొట్టేస్తే సరిపోతుంది కదా అన్నాడు. ఇది ఆ ఇంజనే అని సుభానీకి అందరికంటే బాగా తెలుసు. అయినా తల అడ్డంగా ఊపాడు.

"నిజమైన ఇంజనే సారూ. నేను నంబరు కొడితే దొంగదవుద్ది."

ఆసామీ చేతులు దులుపుకుని, మరో బండి మాట్లాడుకుని వెళ్లిపోయాడు. రంగనాయకులుగారు అరుగు మీద కూలబడ్డారు. అరవై లక్షలు పోయినందుకే అనుకున్నాను. అంతలో కరెంటు పోయింది. నాంచారమ్మ అలవాటు ప్రకారం నన్ను లేపించింది. నా గొంతు వినగానే ఆయన చటుక్కున తలెత్తారు. చాలాసేపు అలాగే విన్నారు.

"సుభానీ, దీన్ని మళ్లీ కార్లో ఎక్కించు. ఇక అమ్మను. ఆనాడు పీకించి తప్పు చేశాను."

"మరి నా మిల్లో?" అంది నాంచారమ్మ.

దానికి జవాబు కార్లోనే ఉంది. డీజిలు ఇంజన్ మిల్లుకెక్కింది, ఖర్చు తక్కువని నాంచారమ్మ సంతోషించింది. నన్ను సాగనంపేటప్పుడు రేకును మరోసారి తోమింది.

నన్ను బిగించిన రోజున రాజ్యలక్ష్మిగారు వచ్చి, ఎవరూ పిలవకుండానే ముందు సీట్లో కూర్చున్నారు. "చిన్నిల్లు ఎట్టా ఉంటుందో చూద్దామని," అన్నారు. రంగనాయకులుగారు ఊరు దాటాక పెడలు గట్టిగా తొక్కారు. సుభానీ ఎంత కడిగినా నా మూలమూలల్లో మిగిలిపోయిన కారం ఒక్కసారిగా మాడింది. ఇద్దరూ తుమ్ములే తుమ్ములు. ఆయన కారు పక్కకు ఆపి కండువా తీశారు. తుమ్ములు ఆగిపోయాక కూడా చాలాసేపు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నారు.