చివర నడిచే మనిషి

నీళ్ల డబ్బాలు నింపాలి. పులిహోరకి పోపు వెయ్యాలి. వాన సంగతి రేడియోలో వినాలి. తల్లులకి ఫోన్లు చేసి పిల్లలకి టోపీలు మర్చిపోవద్దని చెప్పాలి. పెండిల్ హిల్ వెళ్లి బహదూర్ అంకుల్‌ని కారెక్కించుకోవాలి. ఈశ్వరప్రసాద్ గారితో మాట్లాడాలి.

చివరిది తప్ప మిగతావన్నీ చలపతి ప్రతి ఆదివారం చేసే పనులే.

వెస్ట్‌మీడ్ ఆసుపత్రి వెనక వీధిలో వాళ్లది అద్దె ఫ్లాట్. అతను వంటింటి కుళాయి దగ్గర నిలబడి డబ్బా మూత బిగిస్తున్నాడు. సన్నటి మనిషి. కంప్యూటరు తెర ముందు ఏళ్ల తరబడి కూర్చున్నవాళ్లకి ఉండే మెడ, కొంచెం ముందుకి వంగి ఉంటుంది. నడినెత్తిన జుట్టు పల్చబడింది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచినా అవి ఒక ఎత్తులో ఉండవు.

అనకాపల్లి నుంచి హైదరాబాదు, అక్కణ్ణించి సిడ్నీ. ఇక్కడొక బ్యాంకులో పాత ప్రోగ్రాములు తెరిచి, సంవత్సరానికి రెండంకెలు ఉన్నచోటల్లా నాలుగంకెలు చేసే వైటూకే పని అతని ఉద్యోగం. రెండువేల సంవత్సరం వచ్చిన రాత్రి ఆఫీసులోనే ఉన్నాడు. ఏమీ జరగకుండా చూడటమే పని. ఏమీ జరగలేదు. బ్యాంకువాళ్లు కేకు కోశారు. ఫిబ్రవరిలో కాంట్రాక్టు ముగించారు.

ఇప్పుడు మార్చి. నెలాఖరులోగా ఇంకో కంపెనీ వీసాకి స్పాన్సర్ చేస్తే ఈ దేశంలో ఉంటారు. లేకపోతే వెళ్లిపోవాలి. ఈశ్వరప్రసాద్ ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో మేనేజరు. జులైలో ఆస్ట్రేలియాలో జీఎస్టీ అనే కొత్త పన్ను వస్తోంది కాబట్టి ఆయనకీ పాత ప్రోగ్రాములు మార్చేవాళ్లు కావాలని చలపతికి తెలిసింది. ఆయన ఇవాళ నడకకి వస్తున్నాడు. ఎల్లుండి మెల్బోర్న్ వెళ్లి మళ్లీ ఏప్రిల్‌కి గానీ రాడు.

"ఇవాళ వెనక నడవకండి," భార్య ఉదయశ్రీ పోపు మీద మూత పెడుతూ అంది. "ఆయన ముందుంటారు కదా, మీరూ ముందుండండి. నీళ్ల సంచి నేను మోస్తాను."

"అలాగే."

"ప్రతిదానికీ అలాగే అనేస్తారు. ఈసారి నిజంగా వెళ్లండి బాబూ!"

తెలుగు కుటుంబాల ఈ ఆదివారం నడకలు మొదలై ఏడాది దాటింది. పరమట్టా సరస్సు చుట్టూ అడవిలో ఒక దారి ఉంది. చంటిపిల్లలున్నవాళ్లూ, నిండు నెలల ఆడవాళ్లూ కూడా తేలిగ్గా నడవగలిగినది. మొదట్లో రెండు కుటుంబాలు వెళ్లాయి. తర్వాత పది అయ్యాయి. ఇంటింటి నుంచీ పులిహోరలు, గారెలు, పెరుగన్నాలు వచ్చేవి. నీళ్లు మాత్రం ఎదుటివాళ్లు తెస్తారనుకుని ఎవరూ తెచ్చేవారు కాదు. అందుకని ఆ బరువు చలపతి తీసుకున్నాడు. బరువుంది కాబట్టి వెనకబడ్డాడు. వెనకున్నాడు కాబట్టి ముల్లు గుచ్చుకున్న పిల్లలు, ఆయాసపడే పెద్దవాళ్లు అతని వంతుకి వచ్చారు. ఒకసారి దారి చీలినచోట ఒక పాప తప్పిపోయి, కాసేపటికి దొరికింది. ఆ తర్వాత ఇక ఎవరూ అతన్ని ముందుకి పిలవలేదు. అతనూ వెళ్లలేదు.

ఈ ఆదివారం ఎండ బాగానే ఉంది. యూకలిప్టస్ చెట్ల బెరడు చీలికలై వేలాడుతోంది. ఎక్కడో ఒక పిట్ట కొరడా ఝళిపించినట్టు కూస్తోంది. చలపతి సంచి ఉదయశ్రీకిచ్చి ముందుకి నడిచాడు. ఆడవాళ్లని దాటాడు, పిల్లల్ని దాటాడు. ఈశ్వరప్రసాద్ కూతురు బండమీద బల్లిని చూసి "డాడ్, లుక్! ఇట్స్ హ్యూజ్!" అని అరిచింది. ఆయన ఆగలేదు. పొడుగాటి మనిషి, పెద్ద అంగలు. పక్కన కొత్తగా వచ్చిన ప్రోగ్రామరు సుబ్బు దాదాపు పరుగెడుతూ షేర్ల గురించి చెబుతున్నాడు.

చలపతి సరిగ్గా వాళ్ల వెనకాలకి చేరాడు. ఒక మాట అందుకుంటే చాలు. అంతలో అలవాటుగా తల వెనక్కి తిప్పాడు. మలుపు దాకా అందరూ ఉన్నారు. బహదూర్ అంకుల్ లేడు.

ఉదయశ్రీ దూరం నుంచే వద్దన్నట్టు కళ్లు పెద్దవి చేసింది. చలపతి ఆమె పక్కనుంచే వెనక్కి వెళ్లాడు. వెళ్తూ ఆమె భుజం మీది సంచి తీసుకున్నాడు.

బహదూర్‌ది పెండిల్ హిల్‌లో కిరాణా కొట్టు. నల్గొండ మనిషి. శీతాకాలంలో గుండె ఆపరేషన్ అయింది. ఆయన ఒక బండమీద కూర్చుని ప్యాంటు పైకి మడిచి మోకాలు రుద్దుకుంటున్నాడు.

"వచ్చినవా? నాకెర్కే."

"నొప్పా అంకుల్?"

"గుండెకు అంత పెద్ద ఆపరేషన్ చేసిన్రు గద బేటా, మోకాలికి కుళ్లు. నాకేం చెయ్యరా అంటది." ఆయన నవ్వి, ముందువైపు చూశాడు. "గా ముందటోళ్లేందయ్యా, ఆఖరి బస్సు పోతున్నట్టు నడుస్తున్రు! నువ్వు పో. నేను మెల్లగొస్త."

చలపతి వెళ్లాలనే అనుకున్నాడు. నాలుగడుగులు వేశాడు కూడా. ముందు రాతిమెట్లున్నాయి, వాగులోకి దిగేవి. వెనక ముసలాయన లేచి చెట్టు మాను పట్టుకుని నిలబడ్డాడు. నొప్పి కాలు నేలకి ఆనించలేదు. చలపతి తిరిగొచ్చి మోచెయ్యి అందించాడు.

ఒక్కో మెట్టుకీ ఆగుతూ దిగారు. బహదూర్ మాట్లాడుతూనే ఉన్నాడు.

"మా లతీఫా నూనె సీసలు దాచిపెట్టిందిరా. డాక్టరు వద్దన్నడంట. ఊరంతటికి నూనె అమ్మేటోని ఇంట్ల కూర నీళ్లల్ల ఉడుకుతున్నది! గిదేం న్యాయం?"

"ఆంటీ మీ మంచికే చేశారు కదా."

"నువ్వు గూడ ఆమె పార్టీయేనా?"

పెండిల్ హిల్ చుట్టుపక్కల బహదూర్‌కి తెలియని ఇల్లు లేదు. తన ఉద్యోగం సంగతి అక్కడే చెబితే ఆయన నలుగురినీ అడిగేవాడు. చెప్పాలంటే ఆయన మాటకి అడ్డం పడాలి. ఆయాసం కనిపించకుండా ఉండటానికే ఆయన మాట్లాడుతున్నాడని చలపతికి అర్థమైంది. నూనె సీసాల కథ చివరిదాకా విన్నాడు.

వాళ్లు చేరేసరికి సరస్సు పక్క గడ్డిలో దుప్పట్లు పరిచి, సగం మంది తినేశారు. ఈశ్వరప్రసాద్ చేతులు తుడుచుకుని జేబులోంచి కారు తాళాలు తీశాడు.

"చలపతి గారూ! మీరు దొరకడమే కష్టమండీ, ఎప్పుడూ వెనకే. ఆ బ్యాంకు పని ఇంకా నడుస్తోందా?"

"అయిపోయిందండీ. పోయిన నెల."

"అయ్యో!" ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "మాకు ఒక మనిషి కావాలి. ఇందాకే దారిలో సుబ్బుకి మాటిచ్చేశానండీ. రేపు పేపర్లు పట్టుకుని రమ్మన్నాను. ఒక్క ముక్క ముందు చెప్పుంటే..."

"పర్లేదండీ. మంచి కుర్రాడు."

"రెజ్యూమే పంపండి. ఏదైనా ఉంటే చూద్దాం."

"అలాగేనండీ."

పులిహోర వడ్డిస్తున్న ఉదయశ్రీ చేతిలో గరిటె ఆగింది. మళ్లీ తర్వాతి ప్లేటులోకి వంగింది.

బహదూర్ ముఖం చిన్నబోయింది. "గీ సంగతి చెప్పవేమయ్యా? నోట్ల బెల్లం గడ్డ పెట్టుకున్నవా? తొవ్వ పొడుగూత నా నూనె కత విన్నవ్ గని!"

"మీ కథ బాగుంది కదా అంకుల్."

ఆయన్ని కొట్టు దగ్గర దింపి తిరిగి వస్తుంటే ఉదయశ్రీ అడిగింది.

"మీరు పట్టుకోకపోతే పడిపోయేవారా ఆయన?"

"పడేవారు కాదేమో."

"మరి?"

చలపతి సిగ్నల్ దగ్గర ఆగాడు. దీపం ఆకుపచ్చ అయ్యాక గేరు మార్చాడు. "ఏమో ఉదయా."

ఆమె ఒళ్లోని గిన్నె మూత తీసి చూసింది. "పులిహోర మిగిలింది," అంది. "రాత్రికి అదే తినేద్దాం."

ఇంకే కంపెనీ పిలవలేదు. నెలాఖరున బాత్రూమ్ త్రాసు మీద సూట్‌కేసులు తూచుకున్నారు. ఒకటి బరువెక్కువైంది. ఉదయశ్రీ కుక్కరు వదలనంది. చలపతి పెట్టె తెరిచి నడక బూట్లు బయటికి తీశాడు. బహదూర్ పంపిన కారులో విమానాశ్రయానికి వెళ్లారు.

మరుసటి ఆదివారం కూడా నడక జరిగింది. సుబ్బు ముందు నడిచాడు. బహదూర్ అంకుల్ రాలేదు.

మీరెప్పుడైనా పిల్లాపాపలతో ఆ సరస్సు చుట్టూ నడిస్తే, చలపతి అనే మనిషిని ఒక్కసారి తల్చుకోండి. గొప్పవాడేం కాదు. వెస్ట్‌మీడ్ ఫ్లాటు తలుపు బయట, లేసులు లోపలికి దోపి, గోడవార జతగా పెట్టిన అతని బూట్లని చాలా రోజులు ఎవరూ తీసుకోలేదు.