బొటనవేలి వైపు నుంచి

మా బావ కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ డబ్బా మూతలు కొట్టే ప్రెస్సు కింద పోయాయి. ప్రమాదం అని రాసుకున్నారు కంపెనీవాళ్లు. ఏం ప్రమాదం? ఆ మిషన్‌లోకి చేతులు పోకుండా ఒక ఇనపకవరు ఉంటుంది. అదుంటే పని నిదానమవుతోందని ఊడబెరికి మూలన పడేశారు. ఊడబెరికించిన సూపర్‌వైజరు వేళ్లు వాడికి భేషుగ్గా ఉన్నాయి.

డాక్టరు ఒక దారి చెప్పాడు. కాలివేలొకటి తీసి బొటనవేలి చోట అతుకుతానన్నాడు. పట్టు కొంత వస్తుంది, నానిస్తే మాత్రం లాభం లేదన్నాడు. బావ వినలేదు. "అవే మొలుస్తాయి" అన్నాడు.

మతిపోయి అన్న మాట కాదది. కిందటేడు అక్కా బావల కూతురు, మేం పిడుగు అని పిలిచేది, తలుపు సందులో వేలు పెట్టుకుంది. కొస తెగిపోయింది. కుట్లెయ్యకుండా కట్టుకట్టి పంపారు. చూస్తుండగానే కండొచ్చింది, గోరొచ్చింది. ఇప్పుడు ఏ వేలో చెప్పమంటే మాకెవరికీ తెలీదు. "నాకొచ్చింది, నాన్నకి రాదా?" అంది. బావ ఆ మాట పట్టుకుని వేలాడాడు.

దానికితోడు నా ఉద్యోగమొకటి. కాలేజీ ల్యాబులో నీళ్లతొట్లు కడిగి సాలమాండర్లకి మేత వేస్తాను. చూడ్డానికి బల్లిలా ఉంటుంది, కానీ కప్పకి దాయాది. మత్తిచ్చి దాని చెయ్యి కోస్తారు. మళ్లీ మొలుస్తుంది, వేళ్లతో సహా.

"నాకు చూపించు మరదలా."

"చూడు. ఆశ మాత్రం పెట్టుకోకు బావా. నువ్వు సాలమాండర్‌వి కాదు."

"మీ అక్క తిట్టే జంతువుల కంటే ఇది నయమే!"

వారానికోసారి వచ్చేవాడు. తొట్టి ముందు స్టూలు వేసుకుని, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు. అప్పటికే అక్క అదే కంపెనీలో చేరింది. ప్యాకింగులో అని చెప్పింది. ఇల్లు గడవాలి కదా.

ల్యాబులో విన్నవన్నీ బావకి చెప్పేదాన్ని. తల్లికడుపులో మన చెయ్యి ముందు తెడ్డులా ఉంటుంది. వేళ్లు చిటికెనవేలి వైపు నుంచి మొదలై, బొటనవేలు అన్నిటికంటే ఆఖర్న తేలుతుంది. కప్పకీ అంతే. సాలమాండర్‌దే తిరకాసు. దానికి బొటనవేలి వైపు నుంచి మొదలు. మొదటి రెండూ ముందు, మిగతా రెండూ వెనక.

"అంటే నాకు పోయిన రెండే దానికి ముందొస్తాయన్నమాట. చూశావా!"

"ఏం చూశాను నా మొహం!"

ఇంకోరోజు చెప్పాను, మొట్టమొదట వేళ్లొచ్చిన జంతువుల్లో కొన్నిటికి చేతికి ఎనిమిదేసి ఉండేవట అని.

"మరి తగ్గించిందెవడు? మా సూపర్‌వైజరేనా?" అని నవ్వాడు. నవ్వి నవ్వి చెయ్యి వంక చూసుకున్నాడు.

ఇక లాభం లేదని సూటిగా చెప్పాను. "దాని గాయం మచ్చకట్టదు బావా. అక్కడ కొత్త కండ ముద్దగా చేరి, కడుపులో బిడ్డలా మళ్లీ మొదలెడుతుంది. మనకి గబగబా మూసుకుపోయి మచ్చపడుతుంది. పిడుగుకి గోరు మొదలు మిగిలింది కాబట్టి కొస వచ్చింది. నీకు మొదలంటా పోయాయి."

"మూసెయ్యడం మా కంపెనీకీ బాగా వచ్చు. రక్తం కడిగేసి నా చోట ఎవర్నో కూర్చోబెట్టారట. మిషన్ ఒక్క పూట ఆగలేదు. మొలిచే జంతువంటే అదీ! ఇప్పుడెవరున్నారో పాపం."

నేను చెప్పింది చెవికెక్కలేదు.

ఆ తర్వాతి వారం సాలమాండర్ కోసిన చేతికి రెండు మొటిమల్లాంటివి లేచాయి. బొటనవేలి వైపే. బావ చంటిపిల్లాడిలా గంతేశాడు. నా పని అయ్యేదాకా ఆగి, నన్ను వెంటేసుకుని ఇంటికి లాక్కుపోయాడు. అక్క అప్పుడే వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. పిడుగు దాని కొంగు పట్టుకుని నిలబడింది.

బావ అక్క చెయ్యి లాక్కున్నాడు. "ఇదిగో, ఇట్లా చూడవే. ముందు ఇక్కడ..." అంటూ ఎడంచేత్తో దాని బొటనవేలు నొక్కాడు.

నొక్కి ఆగిపోయాడు. వేలి గీతల్లో నల్లటి జిడ్డు. సబ్బుకి పోని జిడ్డు. ఇన్నేళ్లూ బావ వేళ్లకి ఉన్నదే.

"ప్యాకింగులో ప్రెస్సు నూనె ఎక్కడిదే?"

"చెయ్యి వదులు. పొయ్యి వెలిగించాలి."

"ఎక్కడిదంటున్నా!"

"నీ మిషన్‌దే," అంది అక్క. "ప్యాకింగంటే నువ్వు కాస్త నిద్రపోతావని అట్లా చెప్పా." నాకూ అప్పుడే తెలిసింది.

"కవరు పెట్టారా?"

అక్క చెయ్యి లాక్కుని రెండో చెప్పు విప్పింది.

పిడుగు మా మొహాలన్నీ చూసి, పెద్దదానిలా నాన్న చెయ్యి తట్టింది. "ఏం కాదులే నాన్నా. అమ్మవి పోయినా మళ్లీ వస్తాయిగా."

బావ గుమ్మంలో దాని ముందు కూర్చున్నాడు. "రావమ్మా," అన్నాడు. "రావు. పెద్దవాళ్లకి రావు."

అన్నాళ్లూ నేను చెప్పిన మాటే. మొదటిసారి ఆయన నోట వచ్చింది. పిడుగు తన వేలు గుప్పిట్లో దాచుకుంది, అదేదో తప్పు చేసినట్టు.

బావ మళ్లీ ల్యాబుకి రాలేదు. ఆ సాలమాండర్‌కి మూడో వేలొచ్చింది, నాలుగోదీ వచ్చింది. చూసేవాడు లేడు. డాక్టరు దగ్గరికి పోతే, ఇంత నాన్చాక కష్టం, అయినా చూద్దాం అన్నాడు. బావ తలూపి వచ్చాడు.

ఇప్పుడు రోజూ అక్క పని దిగే వేళకి కంపెనీ గేటు దగ్గర నిలబడతాడు. "నడిరోడ్డు మీద ఇదేం పనయ్యా" అని అక్క గొణుగుతుంది. గొణుగుతూనే రెండు చేతులూ చాపుతుంది. బావ బొటనవేలి వైపు నుంచి మొదలెట్టి ఒక్కో వేలే తడుముతాడు.

"కవరు?" అంటాడు.

అక్క తల అడ్డంగా ఊపుతుంది.