మేడ మీద ఎండ

దారాన్ని పళ్ళతో పుటుక్కున తెంపి, తుమ్ముల మామ తెల్లచొక్కాను పసుపు బల్బు కిందికి ఎత్తి చూసుకున్నాడు. పొట్ట దగ్గరి గుండీ మళ్ళీ గోరంత జరిగింది. బాగుంది.

హోటలుకు అడుగున, మెట్లు దిగితే వచ్చే బట్టల గది అది. కిటికీ లేదు. ఆవిరి, సబ్బు వాసన, గురకపెట్టే ఆరబెట్టే యంత్రాలు. మామ జుట్టు అక్కడే ఇస్త్రీ చేస్తూ చేస్తూ నెరిసింది. మనిషి పుల్లలా సన్నం. ముక్కు మాత్రం ఏడాది పొడుగునా ఎర్రగా ఉండేది. పైన ఎవరు తుమ్మినా ఆ జలుబు మెట్లు వెతుక్కుంటూ దిగి మామ దగ్గరికే వచ్చేది.

"మళ్ళీ ఆ దిక్కుమాలిన గుండీలేనా అన్నయ్యా?" అంది దుప్పట్లు మడతపెట్టే ఆవిడ. "మా ఆయన బండి దగ్గరికి రమ్మని పోరుతున్నాడు. రోడ్డు పక్కన ఇస్త్రీ, నెత్తిన ఆకాశం. ఇంకేం కావాలి నీకు?"

"వస్తానమ్మా. ముందు వీడి సంగతి తేలనీ."

వీడంటే మేనేజరు. పూర్వం ఉతికిన బట్టలన్నీ మేడ మీదే ఆరేవి. వాటి మధ్య తిరిగే మామకు తుమ్మే తీరిక ఉండేది కాదు. మేనేజరు వచ్చాక యంత్రాలొచ్చాయి, మేడకు తాళం పడింది. కిందటి చలికాలం జలుబు రొమ్ముకు దిగి మామ ఆసుపత్రి మంచమెక్కాడు.

డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి నొసలు చిట్లించింది. "విటమిన్ డి అడుగంటిపోయింది. ఎముకల నొప్పులు అందుకే. ఇది మరీ తక్కువైతే జలుబులూ దగ్గులూ కూడా తొందరగా పట్టుకోవచ్చు. మాత్రలు వేసుకో. మధ్యాహ్నం కాసేపు ఒంటికి ఎండ తగలనీ. అద్దం వెనకాల నిలబడితే లాభం లేదు సుమా!"

భోజనాల వేళ కాసేపు మేడ తాళంచెవి ఇప్పించమని మామ అడిగాడు. మర్నాడు మేనేజరు నలుగురిని వెంటేసుకుని దిగి, ఇస్త్రీబల్ల మీద పసుపు బల్బు వేలాడదీయించాడు. "ఇదిగో మామా, నీ సూర్యుడు! అస్తమించడు కూడా!"

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. నవ్వుతూనే ఇస్త్రీకి వచ్చిన వాడి చొక్కాల వైపు చూశాడు.

అప్పటినుంచీ ఆ చొక్కాల గుండీలు వెంట్రుకవాసి చొప్పున లోపలికి జరిగాయి, చొక్కాలు బిగుసుకున్నాయి. మేనేజరు అద్దం ముందు ఊపిరి బిగబట్టాడు. తీపి మానేశాడు, రాత్రి భోజనం మానేశాడు. ఆ కబురు విన్న పూటల్లా మామ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

కానీ కక్ష కాస్తా ఎదురుతన్నింది. పొట్ట కరిగించాలని మేనేజరు రోజూ మధ్యాహ్నం మేడెక్కి, చొక్కా విప్పి నడవడం మొదలుపెట్టాడు. మొహం నిగనిగలాడింది. "ఈ ఏడు ఒక్క తుమ్ము రాలేదయ్యా నాకు!" అని మామ మొహం మీదే అన్నాడు.

తన ఎండ! తన సూదితో తనే వాడికి పోసిన ఎండ! ఆ రోజు మామ ఒళ్ళు ఇస్త్రీపెట్టె కంటే ఎక్కువ కాలింది. అప్పటినుంచీ గుండీలు అంచువైపు ప్రయాణం కట్టాయి.

భోజనాల వేళకు మేనేజరు దిగాడు. ఒంటిమీది చొక్కా విప్పి బల్ల మీద పడేసి, మామ ఇందాక కుట్టిన తెల్లచొక్కా తొడుక్కున్నాడు. పొట్ట దగ్గర గుప్పెడు వదులు.

"అబ్బ! కరిగిపోయింది మామా!"

"సగమైపోయారండీ. ఇంకా నడిస్తే గాలికి ఎగిరిపోతారు."

"ఇక నడకెందుకు? ఇవాళ కడుపునిండా లాగించడమే!"

"మరి మేడ ఖాళీయే కదండీ. ఆ తాళంచెవి..."

"రేపు దానికి రేకులు కప్పించేస్తున్నా. నీ సూర్యుడు నీకున్నాడుగా!" బల్బుకో మొట్టికాయ వేసి, మేనేజరు భోజనానికి పరుగెత్తాడు.

ఉతికేముందు జేబులు తడమడం ఆ గదిలో చేతులకు అబ్బిన విద్య. మామ చేతులు వాటంతటవే విడిచిన చొక్కా జేబులోకి వెళ్ళాయి. రుమాలు. దువ్వెన. తాళంచెవి.

మామ ఇస్త్రీపెట్టె ఆర్పేశాడు. "సాయంత్రం వస్తున్నానని మీ ఆయనకు చెప్పమ్మా."

"సంగతి తేలిందా?"

"తేలబోతోంది."

మోకాళ్ళు మొరాయిస్తున్నా మేడెక్కి, తలుపుకు మేడవైపునుంచి గొళ్ళెం పెట్టి తాళం బిగించాడు. చొక్కా, బనీను విప్పాడు. బనీను నీళ్ళతొట్టి కుళాయి కింద పిండి ఆరేసి, వెచ్చటి గచ్చు మీద కాళ్ళు బార్లా చాపాడు. ఎండ వీపంతా పాకింది. ఎవరి దయా లేకుండా.

కడుపు నిండాక మేనేజరుకు తాళంచెవి గుర్తొచ్చింది. తలుపు దబదబలాడింది. "ఎవడ్రా అక్కడ?"

"నేనేనండీ. సూర్యుడు అస్తమించాక తీస్తాను!"

"నీ ఉద్యోగం ఊడగొడతా!"

"ఊడింది లెండి. మీ గుండీలు ఓసారి చూసుకోండి. నేను జరిపితే వదులైంది చొక్కా. మీ పొట్ట ఒక్క పిసరు తగ్గలేదు."

తలుపవతల వేళ్ళు గుండీలు తడుముతున్న చప్పుడు వినబడినట్టయింది. మామ హాయిగా అటు తిరిగి కూర్చుని, రొమ్ముకు కూడా ఎండ పట్టించాడు.

పొద్దు వాలాక వడ్రంగి వచ్చి తలుపు ఊడదీశాడు. మేడ మీద ఎవరూ లేరు. తొట్టి కడిగేవాళ్ళు ఎక్కే ఇనుప నిచ్చెన వెనక సందులోకి దిగి ఉంది. తొట్టి గొట్టం మీద పెళపెళా ఎండిన బనీను ఒకటి, గాలికి పొట్ట ఉబ్బించుకుంటూ ఊగుతోంది.