గ్రహణానికి ముక్కలైన ఫిల్ము

నేను ఒక ఎమ్మారై ఫిల్మును. సరిగ్గా చెప్పాలంటే, అందులో మిగిలిన ముక్కను. ఒళ్ళు మండిపోతోంది కనుక చెబుతున్నాను, వినండి.

తణుకులో బట్టలు కుట్టే మంగతాయారుకి ఊరికే తలనొప్పి వస్తుంటే నన్ను తీశారు. ఆమె మెదడు పక్కన నిమ్మకాయంత నీటితిత్తి నాలో కనబడింది.

"ఇది కాన్సర్ కాదమ్మా. పుట్టినప్పటినుంచీ ఉండి ఉంటుంది. ఇప్పుడే కోయక్కర్లేదు," అన్నారు డాక్టరుగారు. "ఏడాది పోయాక మళ్ళీ తీయించి, రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూస్తాను. పెరిగితే ఆపరేషన్, లేకపోతే లేదు. ఈలోగా చూపు మసకబారినా, నడక తూలినా వెంటనే రండి. ఈ ఫిల్ము మాత్రం జాగ్రత్త."

జాగ్రత్త! ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ నన్ను కిటికీకి అడ్డంపెట్టి, తలకిందులుగా చూసి, అన్నీ తెలిసినట్టు తల పంకించేవాడు. మంగతాయారు మాత్రం సూదిలో దారం ఎక్కించిన ప్రతిసారీ చూపు మసకబారిందేమోనని హడలి చచ్చేది.

ఇంతలో సూర్యగ్రహణం వచ్చింది. ఆమె బావగారు గవర్రాజు దగ్గరుండి ఆవకాయ జాడీ మీద, మంచినీళ్ళ బిందె మీద దర్భలు వేయించారు. ఆమె పట్టుస్నానానికి వెళ్ళగానే, ఆమె కత్తెరతోనే నన్ను ముక్కలు చేసి వీధివీధంతా పంచారు. నాలోంచి సూర్యుణ్ణి చూస్తే కళ్ళు పోతాయన్న ఇంగితమైనా లేదు! ఆవకాయకున్న పాటి విలువ మంగతాయారు తలకి లేకపోయింది.

మొన్న కొత్త స్కాన్ అయ్యాక డాక్టరుగారు పాతది అడిగారు. ఆమె భర్త చిట్టిబాబు కవరు బోర్లించాడు. నేను పడ్డాను. నాలో ఉన్నది ఒక చెవి, కాస్త దవడ. స్కాన్ తీసినచోట అడిగితే పాతవి చెరిపేశామన్నారు.

"ఇప్పుడు తిత్తి పెరిగిందో లేదో నేనెలా చెప్పనండీ?" అన్నారు డాక్టరుగారు.

"ఎందుకొచ్చిన గొడవండీ, కోసి పారేయండి. పీడా విరగడైపోద్ది," అన్నారు వాళ్ళ వెంట వచ్చిన గవర్రాజుగారు.

ఏనాడూ ఆయన ఎదుట నోరెత్తని మంగతాయారు లేచి నిలబడింది.

"ఒకసారి నా తల కోసి గ్రహణం చూశారు కదండీ బావగారూ. ఇంకోసారి కోయమనడానికి మీరెవరండీ?"

డాక్టరుగారు ఆమెను నడిపించి, కళ్ళు పరీక్షించారు.

"అన్నీ బాగానే ఉన్నాయమ్మా, ఆగొచ్చు. కానీ లెక్క మళ్ళీ ఇవాళ్టినుంచే. ఇంకో ఏడాది."

కొత్త ఫిల్మును ఆమె ఎవరి చేతికీ ఇవ్వలేదు. నన్ను చెత్తబుట్టలో వేశారు. నా సంగతి పోనీయండి. గ్రహణం ఆ పూటే విడిచిపోయింది. మంగతాయారు మాత్రం ఇంకో ఏడాది సూదిలో దారం ఎక్కిస్తూ హడలి చావాలి.