కొత్త ఏడు నాటి నిప్పు

పొగ.

తడినేలని పెళ్ళలుగా కోసి, ఎండబెట్టి, కట్టెలకి బదులు రాజేస్తే వచ్చే పొగ. ముసలి ఓయ్‌రిక్ జుట్టులో అదే, శాలువాలో అదే, తాగే పాలలోనూ అదే...

ఆ పొయ్యి ఏనాడూ ఆరలేదు. రాత్రి బూడిద కప్పుతుంది, పొద్దున్నే ఊది లేపుతుంది.

దొరగారి తాత పై లోయలో మనుషుల్ని వెళ్ళగొట్టి గొర్రెల్ని పెట్టాడు. తండ్రి గొర్రెల్ని అమ్మేసి, వేటకని జింకల్ని పెట్టాడు. ఈయన — సర్ ఆర్చిబాల్డ్ — పార్లమెంటులో గురక పెట్టాడు.

వెళ్ళగొట్టిన నాడు ఓయ్‌రిక్ తల్లి ఇంకేమీ తీసుకోలేదు. కుండలో నిప్పు పట్టుకుని ఈ సముద్రపొడ్డుకి నడిచింది.

ఇప్పుడు దొరకి ఈ ఇల్లూ కావాలట. వేసవికి ఖాళీ చెయ్యమని దొర మనిషి చెప్పి పోయాడు.

ఈలోగా, చోద్యం — గుడిసెవాళ్ళకీ ఓటు వచ్చింది!

కొత్త ఏడాది మొదటి పొద్దున దొరే దిగాడు. వట్టి చేతుల్తో. ఆ రోజు గడప తొక్కేవాడు రొట్టెముక్కో, పొయ్యిలోకి మట్టిపెళ్ళో తేవాలని ఇక్కడ పసిపిల్లలకీ తెలుసు. లండన్ బళ్ళో చెప్పలేదు కాబోలు.

బయట బండిలో దొరసాని, ముక్కుకి రుమాలు. పక్కన కొడుకు — రేపటి దొర — ఆవులిస్తూ.

"బావున్నావా అవ్వా?"

"తమరి దయవల్ల ఇంకా ఇంట్లోనే ఉన్నాను దొరా."

ఓయ్‌రిక్ కొడుకు టోర్కిల్ నేలచూపులు చూస్తున్నాడు. పుట్టుభయస్తుడు.

"టోర్కిల్, ఓటు నాకెయ్యి. ఇంటి సంగతి మరిచిపోదాం."

తల ఊపబోయాడు. ఊపేవాడే...

దొర వంగి, ఆ పొయ్యిలో చుట్ట ముట్టించుకున్నాడు. గుమ్మం వైపు నడిచాడు.

ఆ రోజు నిప్పు గడప దాటకూడదు. దాటిందా — ఏడాది పొడుగునా ఇంటి సిరి దాని వెంటే పోతుంది. చుట్ట కొననున్న నిప్పైనా సరే.

గుమ్మానికి అడ్డంగా టోర్కిల్ నిలబడ్డాడు.

"తప్పుకో. ఇల్లు వద్దా నీకు?"

"ఇల్లు తమరి చేతిలో ఉంది దొరా. నిప్పు మాది."

గుమ్మానికి రెండు పక్కలా చేతులు ఆనించాడు.

"కూర్చుని కాల్చుకోండి బాబూ," అంది ఓయ్‌రిక్. "ఆ పార్లమెంటులో మాత్రం చేసేదేముంది, కూర్చోడమేగా!"

దొర చుట్టని పొయ్యిలోకి విసిరికొట్టాడు. టోర్కిల్ పక్కకి జరిగాడు.

ఓటు మాట లేదు. ఇంటి మాట లేదు. బండి కదిలిపోయింది.

మంచు కరిగితే వేసవే...

ఓయ్‌రిక్ చుట్ట మీద ఇంకో పెళ్ళ పెట్టి ఊదింది.

పొగ. తడినేల వాసన — లోపలెక్కడో, దొర కంపు.