గొప్ప శుభవార్త, లోపల చూడండి

థెల్మా తలుపు తోసుకుని వస్తూనే, "అక్కా, గొప్ప శుభవార్త!" అంది.

అవిస్ చేతిలోని కెటిల్ కింద పెట్టి, కుర్చీ పట్టుకుని మెల్లగా కూర్చుంది. "ఎవరు పోయారే?"

"నీ భయం పాడుగాను, ఎవరూ పోలేదు! సిరిల్ నన్ను పెళ్లి చేసుకుంటానన్నాడు."

"అదే అడుగుతున్నా," అంది అవిస్.

ఇద్దరికీ డెబ్భై దాటాయి. హడర్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఎప్పటినుంచో ఒకే కప్పు కింద బతుకుతున్నారు. అవిస్‌ది బడిలో అబ్బిన చదువు కాదు, చిన్నప్పుడు 'లాంతరు' అనే పిల్లల వారపత్రిక చెప్పిన చదువు. ఓడను నిలువునా కోసి బాయిలర్లనూ, వంటగదినీ, వంటవాడి పిల్లినీ కూడా చూపించే రంగుల బొమ్మలుండేవి అందులో. పేపరు దుకాణం ఆయన అట్ట మూల మీద పెన్సిల్‌తో ఇంటి నంబరు రాసి శనివారం శనివారం పంపేవాడు. ఒక శనివారం అట్ట మీద "పిల్లలూ, గొప్ప శుభవార్త! లోపల చూడండి" అని ఉంది. అవిస్ ఆశగా తెరిచి చూసింది. వచ్చే వారం నుంచి లాంతరు, 'విజిల్' అనే కామిక్ పత్రికలో కలిసిపోతోందట. పిల్లల పత్రిక మూతపడితే ఆ కబురు ఎప్పుడూ అలాగే చెప్పేవారు. మొదట్లో 'విజిల్ - లాంతరు' అని వేశారు. తర్వాత లాంతరు అక్షరాలు వారం వారం చిక్కిపోయాయి. చివరికి ఒకనాడు అసలు లేవు.

పెళ్లి కార్డులు అచ్చయి వచ్చాయి. 'సిరిల్ - థెల్మా'. అవిస్ స్కేలు తెచ్చి కొలిచింది. సిరిల్ పేరు వెంట్రుకవాసి పెద్దగా ఉంది. వెంటనే గొడుగు తీసుకుని అతని ఇంటికి నడిచింది.

సిరిల్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కార్డు గురించీ, లాంతరు గురించీ ఆవిడ చెప్పిందంతా విన్నాడు. నవ్వలేదు సరికదా, మొహం కందగడ్డలా అయింది.

"అయితే మీరు లాంతరు వాళ్లా?"

"అవును. ఏం?"

"మా విజిల్‌ను నాశనం చేసింది మీరేనన్నమాట! మాస్టారి ప్యాంటులో ఎలుకను వదిలే కథ హాయిగా చదువుకుంటుంటే, పేజీ తిప్పగానే తేనెటీగ పొట్ట కోసి పెట్టారు!"

"ఆ తేనెటీగను గియ్యడానికి ఎంత ఓపిక కావాలో తెలుసా? మీ ఎలుకకు కాళ్లు కూడా లేవు!"

"పరిగెడుతోందమ్మా అది! పరిగెత్తే ఎలుకకు కాళ్లు ఎలా కనబడతాయి?"

అక్కను వెతుక్కుంటూ వచ్చిన థెల్మా గుమ్మంలోనే ఆగిపోయింది. "బాగుంది వరస. ఇంతకీ పెళ్లి నాకా, ఆ ఎలుకకా?"

అవిస్ గొడుగు కొనతో నేలను పొడుస్తూ, "నువ్వు వెళ్లిపోతే నేనెవరితో పోట్లాడనే?" అంది.

"ఆవిడెక్కడికి వెళ్తుంది?" అన్నాడు సిరిల్ తెల్లబోయి. "నేనే కదా మీ ఇంటికి వస్తున్నది. నువ్వు చెప్పలేదా, థెల్మా?"

"చెప్పనిస్తేగా! శుభవార్త అనగానే శోకాలు మొదలుపెట్టింది."

పెళ్లయ్యాక సిరిల్ తన పెట్టెలతో సహా వచ్చేశాడు. మర్నాడు పొద్దున్నే, పాలు పట్టుకొస్తానని వానలో బయలుదేరాడు. అవిస్ కిటికీ అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది.

"ఏమే, మీ ఆయన ఇంకా రాలేదేం? ఎక్కడైనా జారిపడ్డాడేమో!"

"ఇప్పుడేగా అక్కా తలుపు వేసుకుని వెళ్లింది!"

అవిస్ అప్పటికే కోటు తొడుక్కుంటోంది.