జోడు స్ప్రింగులు

ఎల్లేశం పేరు ఎవరైనా ఎత్తితే కాటమయ్య లేచి పక్కకు పోయి ఉమ్మేసి వస్తాడు. కంచం ముందు కూర్చున్నా అంతే. ఎల్లేశం పరాయివాడు కాదు, స్వయానా బామ్మర్ది, భార్య జానమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. పరాయివాడు ముంచితే ఊరు అయ్యో అంటుంది. బామ్మర్ది ముంచితే నవ్వుతుంది. మక్తల్ పక్కన ఆ ఊళ్లో ఎనిమిదేళ్లుగా కాటమయ్య ఆ నవ్వు వింటూనే ఉన్నాడు.

అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలం మాట ఇది. అప్పటికి కారు బావాబామ్మర్దుల చేతికొచ్చి రెండేళ్లు. ఎవరో దొర ఎక్కి ఎక్కి విడిచిన నల్ల కారు. ఎనిమిది మంది పట్టే కారులో వీళ్లు పన్నెండు మందిని కుక్కేవాళ్లు. నారాయణపేటకు, కురుమూర్తి జాతరకు, పెళ్లిళ్లకు, దవాఖానకు కిరాయి తిప్పేవాళ్లు. నడిపేదీ బాగుచేసేదీ కాటమయ్య. కిరాయి మాట్లాడేదీ, వచ్చింది నడుముకు చుట్టుకునేదీ ఎల్లేశం. చెరిసగం అని మాట. ఆ సగం కోసం కాటమయ్య తన బాపు విడిచిపోయిన మెట్ట చెలక అమ్మి, వచ్చినదంతా తెచ్చి బామ్మర్ది చేతిలో పోశాడు. రెండో తరగతిలో బడి మానేసి జడ్చర్లలో లారీల కింద పండుకుని పని నేర్చినవాడు కదా, నాగలి పట్టిన చేతికన్నా పానా పట్టిన చేతికే అన్నం దొరుకుతుందని నమ్మాడు.

కాగితాలు పాలమూరులో అయ్యాయి. ఆ రోజు కాటమయ్య ఆఫీసు లోపలికి పోలేదు. ఇంజను ఆగితే మళ్లీ ఎత్తుకోదు, హ్యాండిలు తిప్పి తిప్పి అప్పటికే అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. అందుకని బయటే సీట్లో కూర్చుని రేసు మీద కాలు తీయకుండా ఉన్నాడు. లోపల ఎల్లేశం ఒక్కడే సంతకం పెట్టి వచ్చాడు. అయిపోయింది బావా, పోనియ్యి అన్నాడు. కాటమయ్య పోనిచ్చాడు.

అరవై ఒకటి ఎండాకాలంలో ఒక పెళ్లివారిని పద్నాలుగు మందిని ఎక్కించమన్నాడు ఎల్లేశం. వద్దని కాటమయ్య మొత్తుకున్నా వినలేదు. వాగు దాటేటప్పుడు బండి ఒక్కసారి కిందికి కూలబడి, ముందు ఎడమ పక్కన తుపాకీ పేలినట్టు మోత వచ్చింది. దిగి చూస్తే స్ప్రింగు విరిగి ఉంది. బొటనవేలంత లావు ఇనుప చుట్ట, కిందినుంచి రెండో మలుపు దగ్గర తెగిపోయింది. టైరు పోయి మడ్‌గార్డుకు రాసుకుంటోంది. పెళ్లివారు నడిచి పోయారు. బండిని ఎడ్లు కట్టి ఇంటికి లాక్కొచ్చి వాకిట్లో నిలబెట్టారు. పక్షవాతం వచ్చిన మనిషిలా ఎడమ భుజం వేలాడేసుకుని పదిహేను రోజులు అక్కడే ఉంది.

పదహారో రోజు ఎల్లేశం పట్నం నుంచి బస్సు దిగాడు. గోనెసంచిలో రెండు కొత్త స్ప్రింగులు, ఇంకా నూనె ఆరనివి.

కాటమయ్యకు కళ్లు చెమర్చినంత పనయింది. ఎల్లేశం ఎటువంటివాడంటే, అంతకు ముందు ఏడాది బండి ముందు లైటు బల్బు పోతే మూడు నెలలు కొనలేదు. అడిగితే, "ఎన్నెల ఉన్నది గద బావ, ఇంకేం లైటు" అన్నవాడు. అలాంటివాడు అడగకుండానే జోడు తెచ్చాడు. ఒకటి చాలదు, ఒక పక్క కొత్తది పెట్టి ఇంకో పక్క పాతది ఉంచితే బండి కుంటుతుంది అని ఎవరికైనా చెప్పి చెప్పి నోరు నొప్పి పెట్టేది. ఈసారి చెప్పే పనే పడలేదు.

జానమ్మకు మాత్రం అది మింగుడు పడలేదు. పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి, సంచిలోకి తొంగి చూసి, తమ్ముడు అటు పోయాక మెల్లగా అంది.

"మా తమ్ముడు ఒకటి అడిగితే సగం తెచ్చెటోడు. ఇయ్యాల అడగకముందే రెండు తెచ్చిండు. ఎందుకో జర అడుగు."

"నీ తమ్ముడు మంచి చేసినా నీ కండ్లల్ల మన్నేనా?" అన్నాడు కాటమయ్య.

ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఆయన ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. ఒక్క మాటతో నోరు మూయించింది తనేనన్నది మాత్రం ఎప్పుడూ అనుకోడు.

మర్నాడు పొద్దున్నే పని మొదలుపెట్టాడు. చక్రాల నట్లు బండి నేల మీద ఉండగానే వదులు చేశాడు. ముందు భాగం జాకీతో ఎత్తి, చాసీ కింద ఇంట్లోవి రెండు రోళ్లు బోర్లించి, వాటి మీద తుమ్మ మొద్దులు పెట్టి దించాడు. చక్రాలు తీసి పక్కకు దొర్లించాడు. ఎడ్లబండి గొలుసు తెచ్చి స్ప్రింగు మలుపుల మధ్య నుంచి దూర్చి చాసీకి కట్టాడు, ఎగిరితే మనిషి తల పగలకుండా. జాకీని చక్రం పట్టే కింది ఇనుప చెయ్యి కిందికి మార్చి, ఆమదం పోసి నానబెట్టిన పిన్ను సుత్తెతో కొట్టి బయటికి తీసి, జాకీని పావు పావు చుట్టు దించుకుంటూ పోయాడు. స్ప్రింగు నిట్టూర్చినట్టు సాగింది. విరిగింది రెండు ముక్కలుగా చేతిలోకి వచ్చింది. కుడిపక్కది విరగలేదు కానీ కొత్తదాని పక్కన నిలబెడితే రెండు వేళ్లు పొట్టిగా ఉంది.

పాతవి తీయడం సులువే. కొత్తవి ఎక్కించడంలోనే ఉంది అసలు పని. కొత్త స్ప్రింగును దాని చోట నిలబెట్టి కింది నుంచి జాకీ ఎత్తితే స్ప్రింగు నొక్కుకోదు, బండే మొద్దుల మీది నుంచి లేచిపోతుంది. పట్నం షాపుల్లో దానికి వేరే సామాను ఉంటుంది. కాటమయ్య దగ్గర ఉన్నది ఊరు. మగవాళ్లను పిలిచి మడ్‌గార్డుల మీద, బానెట్ మీద కూర్చోబెట్టాడు. ఆరుగురు ఎక్కారు. ఏడోవాడు పెద్దులు ఎక్కబోతుంటే మిగిలినవాళ్లు, ఈయన ఎక్కితే మనమంతా దిగవచ్చు అని నవ్వారు.

"నవ్వుండ్రి," అన్నాడు పెద్దులు, బానెట్ మీద మఠం వేసి కూర్చుంటూ. "నా బరువు ఊరికి పనికొచ్చెడిది ఇయ్యాల ఒక్కనాడే."

ఎనిమిదో మనిషిని ఎల్లేశం వెంట తీసుకొచ్చాడు. రాయచూరు నుంచి వచ్చిన చుట్టం, తోడల్లుడి తరఫు అని చెప్పాడు. పేరు శరణప్ప. తెల్లటి ధోవతి, చేతికి గడియారం. జిడ్డు అంటుతుందని కూడా చూడకుండా ఎడమ మడ్‌గార్డు ఎక్కి, వంగి, చక్రం లేని ఖాళీలోకి తల పెట్టాడు. కింద పడుకున్న కాటమయ్య ముఖానికీ ఆయన ముఖానికీ మధ్య మూరెడు దూరం.

పని చేసే మనిషిని పని గురించి అడిగితే ఎంత సంబరమో చేసినవాడికే తెలుసు. ఆ రెండేళ్లలో కాటమయ్యను ఆ బండి సంగతి అడిగినవాడే లేడు. శరణప్ప అడిగాడు. ఇంజను నూనె తాగుతుందా, గేరు జారుతుందా, బ్రేకు పట్టాలు ఎప్పుడు మార్చారు, చాసీకి ఎక్కడైనా అతుకు ఉందా. కాటమయ్య జాకీ తిప్పుతూనే ఒక్కొక్కటీ చెప్పాడు. ఇంజను తను విప్పి కూర్చింది, నూనె చుక్క తాగదు అన్నాడు. చాసీకి అతుకు లేదు, చెయ్యి పెట్టి చూసుకోమన్నాడు. ఆయన నిజంగానే చెయ్యి పెట్టి తడిమాడు.

"ఈ స్ప్రింగులు ఎన్నేళ్లు వస్తాయంటావ్?" అని అడిగాడు శరణప్ప.

"పదేండ్లు కదలయి," అన్నాడు కాటమయ్య. "నా చేతితోని పెట్టినయి. కండ్లు మూసుకోని తీస్కపోవచ్చు."

అందరూ విన్నారు. పెద్దులు అయితే, మాటంటే అట్లుండాలె అని బానెట్ మీద చేత్తో చరిచాడు కూడా.

పిన్ను రంధ్రం రంధ్రానికి కుదిరింది. కొట్టాడు, నట్టు బిగించాడు, గొలుసు విప్పాడు. రెండో పక్క కూడా అయ్యేసరికి పొద్దు నడినెత్తి దాటింది. చక్రాలు వేసి, మొద్దులు లాగి, దించితే బండి రెండు భుజాలూ సమంగా నిలబడింది. ఎనిమిది మందినీ ఎక్కించుకుని మక్తల్ దాకా పోయి వచ్చాడు. ముందు సీట్లో శరణప్ప. గుంతలో పడితే మెత్తగా మునిగి లేచింది. ఆ రాత్రి కాటమయ్య ఆకలి తీరా తిన్నాడు, అన్నీ గుర్తుంచుకునేవాడు కాబట్టి అదీ గుర్తుంది.

రెండు రోజుల తర్వాత ఎల్లేశం, నారాయణపేటలో పెళ్లి కిరాయి ఉంది, వాళ్ల డ్రైవరే నడుపుతాడట, నువ్వు చాలా కష్టపడ్డావు పడుకో బావా అని బండి తీసుకుపోయాడు. ఐదో రోజు బస్సు దిగి నడిచొచ్చాడు. బండి శరణప్ప కొన్నాడని చెప్పాడు. రాయచూరు మైసూరు వైపు, రాష్ట్రం వేరు, నంబరు కూడా మారిపోతుందని చెప్పాడు. కాటమయ్య తన వంతు సగం అడిగితే, ఏం సగం అన్నాడు. కాగితంలో ఉన్నది ఎల్లేశం పేరు. చెలక పైసలు అప్పట్లో అప్పుగా ఇచ్చావు, రెండేళ్లలో తీరిపోయాయి అన్నాడు. వారం వారం కాటమయ్య చేతిలో పెట్టింది వాటా కాదు, డ్రైవరు జీతమట.

పంచాయతీ పెట్టించాడు కాటమయ్య. పెద్దమనిషి గుర్వయ్య ఇద్దరినీ విని, సాక్షులెవరని అడిగాడు. చెరిసగం అన్న మాటకు సాక్షి జానమ్మ ఒక్కతే. భార్య మాట మొగుడి మాటే అన్నారు. అప్పుడు ఎల్లేశం, బావకు తెలియకుండా అమ్మలేదు, కొనేవాడికి బండి చూపించింది ఆయనే, మడ్‌గార్డు మీద కూర్చున్నవాళ్లను అడగండి అన్నాడు.

ఏడుగురూ అక్కడే ఉన్నారు. గుర్వయ్య పెద్దులును నిలబెట్టాడు.

"రాయచూరాయనకు బండి చూపిచ్చింది ఎవలు?"

"కాటమయ్యే."

"కండ్లు మూసుకోని తీస్కపొమ్మన్నది?"

"కాటమయ్యే అన్నడు. నేను ఇన్నదే చెప్తున్న, అబద్ధం ఆడుత లేను."

అబద్ధం ఎవడూ ఆడలేదు. అదే కాటమయ్యను ఇప్పటికీ కోస్తుంది. ఏడుగురిలో ఒక్కడు అబద్ధమాడినా తిట్టి ఊరుకునేవాడు. పక్కనే నిలబడి అమ్మించి ఇప్పుడు ఎరుక లేదంటే ఎట్ల అని గుర్వయ్య అన్నాడు. ఎల్లేశం చేత స్ప్రింగులు మార్చిన కూలి కింద ఇరవై రూపాయలు ఇప్పించి లేచాడు. కాటమయ్య అవి ముట్టనన్నాడు. జానమ్మ ముట్టింది, ఇంట్లో జొన్నలు లేవు కాబట్టి. తమ్ముడి ముఖం చూడకుండా నోట్లు కొంగున కట్టుకుని ముందు నడిచింది. ఆ పొద్దు నుంచి పుట్టింటి గడప తొక్కలేదు.

పాత స్ప్రింగులు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి, ఒకటి రెండు ముక్కలు, ఒకటి పొట్టిది. ఇనుప సామాను కొనేవాళ్లు అడిగితే ఆయన ఇవ్వడు. వానాకాలం పోయాక పల్లికాయ పీకే రోజుల్లో కూలికి పిలుస్తారు, పోతాడు. వేరే చేన్లు ఉన్నా అందరికన్నా ముందు పిలుపు వచ్చేది తను అమ్ముకున్న ఆ చెలక నుంచే. గట్టు మీద బాపు పాతిన రాయి ఇప్పటికీ అక్కడే ఉంది. దాని పక్కనుంచి సాలు పట్టి పీకుకుంటూ పోతాడు. సర్వే నంబరు నూట పద్నాలుగు, మూడెకరాల పన్నెండు గుంటలు.